ఫోన్ ఇలా కూడా ఉంటుందా!

ఎవరు కనిపించినా ఇదే చెబుతున్నాను. రాసేస్తే తప్ప నా ఉత్సాహం తీరేలా లేదు. ఏళ్ల తరబడి ఆండ్రాయిడ్ ఫోన్లే వాడి, ఈమధ్యే ఐఫోన్‌కి మారాను. అదేమంత విశేషం అని మీరు అనొచ్చు. వీధి చివర మొబైల్ షాపులో రోజూ ఎవరో ఒకరు ఇటు నుంచి అటో, అటు నుంచి ఇటో మారుతూనే ఉంటారు. నిజమే. కానీ మారినవాళ్లలో ఒక్కరూ నాకు అసలు సంగతి చెప్పలేదు. కెమెరా బాగుంటుందన్నారు. బ్యాటరీ గురించి వాదించుకున్నారు. ధర చెప్పి నోరెళ్లబెట్టారు. లోపలి ఆపరేటింగ్ సిస్టమ్ మారితే ఫోన్‌తో మనకున్న పరిచయం అంతా మళ్లీ మొదటి నుంచి మొదలవుతుందని, అందులో ఇంత ఆనందం ఉందని ఎవరూ అనలేదు. ఆ లోటు నేను తీరుస్తాను.

ఒకే రకం ఫోన్ వాడినంతకాలం కొన్ని సంగతులు మనకి ప్రశ్నలుగానే తోచవు. వెనక్కి వెళ్లాలంటే ఇక్కడ నొక్కాలి, మెసేజ్ వస్తే అక్కడ కనపడాలి, యాప్ అడిగిన పర్మిషన్ ఇచ్చేయాలి. ఫోన్ అంటే అంతే అనుకుంటాం. రెండో ఫోన్ చేతిలోకి వచ్చాక తెలుస్తుంది, వీటిలో ప్రతి ఒక్కటీ ఎక్కడో ఒక గదిలో నలుగురు కూర్చుని, వాదించుకుని, పది దారుల్లో ఒకటి ఎంచుకోగా వచ్చిందని. అరచేతిలో ఉన్న వస్తువు వెనక ఇంతమంది ఆలోచన ఉందని తెలియడమే నాకు దొరికిన పెద్ద కానుక. ఇక ఒక్కొక్కటే చెబుతాను.

ముందు సామాను సర్దుకోవడం. మారాలనుకునే ప్రతివాళ్లనీ వెనక్కి లాగే భయం ఇదే కదా, ఫొటోలు ఏమవుతాయి, నంబర్లు ఏమవుతాయి అని. యాపిల్ కంపెనీ 2015లోనే ఆండ్రాయిడ్ ఫోన్లలో వేసుకోవడానికి ‘మూవ్ టు ఐఓఎస్’ అనే యాప్ తయారుచేసింది (ఐఓఎస్ అంటే ఐఫోన్ ఆపరేటింగ్ సిస్టమ్). పాత ఫోన్‌లో దాన్ని తెరిస్తే, కొత్త ఫోన్ ఒక కోడ్ చూపిస్తుంది. ఆ అంకెలు పాత ఫోన్‌లో కొడితే కొత్తది తానే ఒక వైఫై సృష్టించి పాతదాన్ని తనకి కలుపుకుంటుంది. ఫోన్లు రెండూ పక్కపక్కన పెట్టి మనం వంటింట్లోకి వెళ్లిపోవచ్చు. తిరిగొచ్చేసరికి కాంటాక్టులు, ఎస్సెమ్మెస్‌లు, ఫొటోలు, వీడియోలు, క్యాలెండర్, మెయిల్ ఖాతాలు ఇటు చేరిపోతాయి.

వాట్సాప్ కథ మాత్రం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఆండ్రాయిడ్‌లో దాని బ్యాకప్ గూగుల్ డ్రైవ్‌లోకి పోతుంది, ఐఫోన్‌లో ఐక్లౌడ్‌లోకి పోతుంది. దీన్ని అది చదవదు, దాన్ని ఇది చదవదు. 2022 దాకా మారేవాళ్లకి కంపెనీ తరఫున సరైన దారే లేదు. ఆ ఏడాది నుంచి ‘మూవ్ టు ఐఓఎస్’లోనే వాట్సాప్‌ని కూడా ఎంచుకునే వీలు వచ్చింది. ఒక్క షరతు గుర్తుంచుకోండి: కొత్త ఫోన్ సెటప్ చేసుకునే మొదటి ఘడియలోనే ఆ పని జరగాలి. వాడకం మొదలుపెట్టాక అయితే ఫోన్ మొత్తం రీసెట్ చేసి మళ్లీ రావాల్సిందే. నేను సెటప్‌లోనే దాన్ని ఎంచుకున్నాను. అయ్యాక గుండె దడదడలాడుతుండగా వాట్సాప్ తెరిచి వెతికాను. మా పెద్దమ్మ ఎప్పుడో పంపిన ఆవకాయ కొలతల వాయిస్ మెసేజ్ అక్కడే ఉంది. నొక్కాను. “కారం ఎంతో ఆవపిండీ అంతేనే...” అంటూ మొదలైంది. ఆ గొంతు కొత్త ఫోన్‌లో వినపడగానే ఇక ఇది నా ఫోనే అనిపించింది.

ఇప్పుడు అసలు వింత. కాంటాక్టుల లిస్టు తెరిచి, వేలితో ఒక్కసారి పైకి విసిరాను. పేర్లు జర్రున పరుగెత్తాయి. తోసి వదిలేసిన ఉయ్యాల ఊగి ఊగి నెమ్మదించినట్టు అవి కూడా మెల్లమెల్లగా నెమ్మదించి ఆగాయి. లిస్టు చివరికి వచ్చాక కూడా వేలు ఆపకుండా లాగి చూశాను. కొంచెం సాగింది. ఇంకా లాగాను, సాగడం తగ్గింది. ఇంకా లాగాను, బిగిసింది. వేలు తీయగానే తన చోటికి తాను మృదువుగా వెళ్లిపోయింది. లిస్టు అయిపోయింది అని చెప్పడానికి ఎర్ర అక్షరాల్లేవు, శబ్దం లేదు. చెప్పాల్సింది నేరుగా వేలికే చెప్పింది. ఎంతసేపు అలా లాగుతూ వదులుతూ కూర్చున్నానో!

దీన్ని రబ్బర్ బ్యాండింగ్ అంటారు. బాస్ ఓర్డింగ్ అనే డిజైనర్ యాపిల్‌లో పనిచేస్తున్నప్పుడు చేసిన ఆలోచన ఇది. అప్పటి యాపిల్ సీఈఓ స్టీవ్ జాబ్స్ 2010లో ఒక సభలో ఈ సంగతి చెప్పాడు. వాళ్లు మొదట అనుకున్నది ఫోన్ గురించి కాదట, ట్యాబ్లెట్ గురించట. అద్దం మీద వేలితో తోస్తే ఇలా కదిలే నమూనా ఒకటి తమ డిజైనర్ తెచ్చి చూపించగానే, దీంతో ఫోనే చేసేయొచ్చు కదా అనిపించి ట్యాబ్లెట్‌ని అటకెక్కించాడట. 2007 జనవరి 9న శాన్ ఫ్రాన్సిస్కో వేదిక మీద ఆయన పాటల లిస్టుని వేలితో అలా తోయగానే జనం హోరెత్తిపోయారు. అప్పటి స్మార్ట్‌ఫోన్లలో చాలావాటికి కింద బండెడు బటన్లో, గుచ్చడానికి ఒక ప్లాస్టిక్ పుల్లో ఉండేవి మరి. ఆ సాగుడు ఎంత విలువైనదంటే, దాని పేటెంట్ మీద యాపిల్, శామ్‌సంగ్ 2012లో కాలిఫోర్నియా కోర్టులో వాదించుకున్నాయి. ఆండ్రాయిడ్ చాలాకాలం లిస్టు చివర ఒక వెలుగు చూపించేది. 2021లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి అక్కడా సాగడం మొదలైంది, అయితే తనదైన పద్ధతిలో. లిస్టు చివర ఏం జరగాలి అన్న చిన్న ప్రశ్నకి ఇన్ని జవాబులు!

కదలికల గురించి ఇంకొక్కటి చెప్పనివ్వండి. ఒక యాప్ మూసుకుంటూ చిన్నదై తన ఐకాన్‌లోకి వెళ్తుండగా దారి మధ్యలో వేలితో పట్టుకున్నాను. ఆగింది! అక్కడి నుంచి మళ్లీ పైకి లాగితే తెరుచుకుంది, పక్కకి తోస్తే ఇంకో యాప్‌లోకి వెళ్లింది. మొదలైన కదలిక పూర్తయ్యేదాకా మనం కాచుకుని కూర్చోనక్కర్లేదు, మనసు మార్చుకునే హక్కు వేలికి ఎప్పుడూ ఉంటుంది. 2018లో యాపిల్ డిజైనర్లు తమ డెవలపర్ల సదస్సులో సరిగ్గా ఇదే విషయం మీద ఒక పాఠం చెప్పారు. మనిషి ఆలోచన మధ్యలో మారుతుంది కాబట్టి తెర కూడా మధ్యలో మారగలగాలి అన్నది దాని సారాంశం. ఎంత మర్యాద ఉంది ఆ ఆలోచనలో!

అలారం పెట్టుకోబోతే మరో ముచ్చట. గంటలు, నిమిషాలు చక్రాల్లా తిరుగుతాయి. ఒక్కో అంకె దాటినప్పుడల్లా వేలి కొసకి టిక్ అని తగులుతుంది. గట్టిగా విసిరితే టికటికటిక అని వేగంగా, ఆగబోయే ముందు టిక్... టిక్... అని ఆలస్యంగా. అక్కడ చక్రమూ లేదు, పళ్లూ లేవు, ఉన్నది నున్నటి అద్దం. లోపల ఒక చిన్న మోటారు సరైన క్షణంలో అతి కొద్దిగా అదిరి మనకి ఆ స్పర్శని పుట్టిస్తోంది. దాన్ని ట్యాప్టిక్ ఇంజిన్ అంటారు. ఐఫోన్లలో 2015 నుంచి ఉంది. ఆండ్రాయిడ్ ఖరీదైన ఫోన్లలోనూ మంచి వైబ్రేషన్ మోటార్లు ఉంటాయి, కానీ నేను ఇన్నాళ్లూ వాడినవాటిలో వైబ్రేషన్ అంటే ఫోన్ వచ్చినప్పుడు బల్ల మీద బర్రుమనడమే. అదే వైబ్రేషన్‌తో ఇంత సున్నితంగా మాట్లాడొచ్చని ఊహించలేదు.

ఇక వెనక్కి వెళ్లడం. ఆండ్రాయిడ్ నుంచి వచ్చినవాళ్లు ముందు తడబడేది ఇక్కడేనని అందరూ హెచ్చరిస్తారు. నాకైతే ఇక్కడే కళ్లు తెరుచుకున్నాయి. 2008లో వచ్చిన మొట్టమొదటి ఆండ్రాయిడ్ ఫోన్‌కి బ్యాక్ అనే బటన్ విడిగా ఉండేది. ఏ యాప్‌లో ఉన్నా దాని పని ఒకటే: ఇందాక ఎక్కడున్నావో అక్కడికి తీసుకెళ్లడం. అంటే కాలంలో వెనక్కి. ఐఫోన్‌కి మొదటి నుంచీ అలాంటి బటన్ లేదు. వెనక్కి వెళ్లే గుర్తు చాలా యాప్‌లలో ఎడమ పైమూల ఉంటుంది. 2013 నుంచి ఎడమ అంచు మీద వేలు పెట్టి కుడివైపు లాగినా చాలు. ఇది తీసుకెళ్లేది ఈ పేజీ దేని లోపల ఉందో ఆ పేజీకి. అంటే చోటులో వెనక్కి. లాగుతుంటే ఇప్పటి పేజీ పక్కకి జరిగి కింద ముందటి పేజీ కనపడుతుంది. ఓసారి తొంగి చూసి, వద్దనుకుంటే వదిలేయొచ్చు, ఉన్నచోటే ఉంటాం. వెనక్కి అంటే ఏమిటి అని నేనెప్పుడైనా ఆలోచించానా? రెండు కంపెనీలు ఆలోచించి రెండు జవాబులు చెప్పాయి, రెండూ సమంజసమే. ఇన్నేళ్లూ మొదటి జవాబులో బతుకుతూ రెండోది ఒకటి ఉందనే తెలియలేదు నాకు.

ఫోన్ తాళం గురించి చెప్పాలి. ముఖం చూసి తెరుచుకునే ఫోన్లు ఆండ్రాయిడ్‌లోనూ ఉన్నాయి. చాలావాటిలో ముందు కెమెరా మన బొమ్మ తీసి పోల్చుకుంటుంది. 2017లో ఐఫోన్ టెన్‌తో వచ్చిన ఫేస్ ఐడీ పద్ధతి వేరు. కంటికి కనపడని పరారుణ కాంతితో 30,000కి పైగా చుక్కల్ని మన ముఖం మీద చల్లుతుంది. ముక్కు దగ్గర అవి ఎలా పడ్డాయి, బుగ్గ దగ్గర ఎలా పడ్డాయి అన్నది చూసి ముఖం ఎత్తుపల్లాల లెక్క కడుతుంది. అందుకే కరెంటు పోయిన చిమ్మచీకట్లో కూడా గుర్తుపడుతుంది, ఫొటో చూపిస్తే మోసపోదు. ఆ లెక్క ఫోన్ దాటి ఎక్కడికీ పోదు. ప్రాసెసర్‌లోనే విడిగా కట్టిన సెక్యూర్ ఎన్‌క్లేవ్ అనే భాగంలో ఉంటుంది.

ఇంతవరకు చదివి తెలుసుకోవచ్చు. చూస్తేగాని తెలియనిది ఇంకొకటుంది. ఫోన్ బల్ల మీద ఉండగా మెసేజ్ వచ్చింది. ఎవరు పంపారో పేరు కనపడింది, విషయం కనపడలేదు. నేను వంగి దాని వైపు చూశాను. నేను చూశాను కాబట్టి, చూసినది నేను కాబట్టి, ఆ మెసేజ్ లోపలి మాటలు అప్పుడు విచ్చుకున్నాయి. నా పక్కన కూర్చున్నవాళ్లు చూస్తే విచ్చుకోవు. ఏ బటనూ నొక్కలేదు, ఏ సెట్టింగూ మార్చలేదు. మనది మనకి, పరాయివాళ్లకి కాదు అన్న మాటని ఇంత నిశ్శబ్దంగా అమలు చేయొచ్చా అని ఆశ్చర్యపోయాను.

మనది మనకి అన్న ఈ పట్టింపు ఎక్కడిదాకా ఉందో యూపీఐ యాప్ పెట్టుకుంటుంటే అర్థమైంది. బ్యాంకు ఖాతాకి మన సిమ్‌ని ముడిపెట్టడానికి ఆ యాప్ ఒక ఎస్సెమ్మెస్ పంపాలి కదా. ఆండ్రాయిడ్‌లో ఎస్సెమ్మెస్ పర్మిషన్ అడిగి, ఇస్తే తానే పంపేసుకుంటుంది, వచ్చింది తానే చదివేసుకుంటుంది. మనం చక్రం తిరగడం చూస్తూ కూర్చుంటాం. ఐఫోన్‌లో ఏమైందంటే మెసేజ్ రాసే పెట్టె నా ముందు తెరుచుకుంది. ఎవరికి పోతుందో నంబరు, లోపల పొడుగాటి కోడ్, అన్నీ రాసి సిద్ధంగా ఉన్నాయి. పంపు అనే బాణం మాత్రం నేనే నొక్కాలి. ఎందుకంటే ఇక్కడ ఏ యాప్‌కీ మన పేరున గుట్టుగా ఎస్సెమ్మెస్ పంపే అధికారం లేదు. మన ఇన్‌బాక్స్ చదివే అధికారమూ లేదు. మరి ఓటీపీ? అది వచ్చినప్పుడు కీబోర్డు పైన కనపడుతుంది, తాకితే గడిలో పడుతుంది. చదివింది ఫోన్, యాప్ కాదు. యాప్‌కి అందేది మనం తాకి ఇచ్చిన ఆ ఆరంకెలే.

మన ప్రాంతంలో ఈ తేడా ఎందుకు పెద్దదో చెప్పనక్కర్లేదు. 2020 చివర్లో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు లోన్ యాప్‌ల మీద వరసగా కేసులు పెట్టిన సంగతి మనమెవరం మరిచిపోలేం. అప్పు కోసం యాప్ వేసుకున్నవాళ్ల కాంటాక్టులన్నీ లాగేసి, చుట్టాలకీ స్నేహితులకీ ఫోన్లు చేసి పరువు తీశారు. ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. అన్నిటికీ మూలం ఒక్క పర్మిషన్. కాంటాక్టులు చూడనివ్వమని అడిగితే, ఇవ్వకపోతే ముందుకు కదలదు కాబట్టి, ఇచ్చేశారు. ఆ తర్వాత గూగుల్ నిబంధనలు బిగించింది. 2023 నుంచి తన ప్లే స్టోర్‌లోని అప్పుల యాప్‌లు కాంటాక్టులు, ఫొటోలు అడగకూడదంది. ఐఫోన్‌లో 2024 నుంచి ఇంకో దారి ఉంది. యాప్ కాంటాక్టులు అడిగితే ఏ పేర్లు చూపించాలో మనమే ఏరి ఇవ్వొచ్చు. నలుగురి పేర్లు ఇచ్చాననుకోండి, ఆ యాప్‌కి సంబంధించినంతవరకు నాకు లోకంలో తెలిసినవాళ్లు ఆ నలుగురే! ఇంత చక్కటి ఏర్పాటు చూస్తే, ఒక్క తెర మీది ఒక్క ప్రశ్న ఎలా అడగాలన్న నిర్ణయం మీద ఒక కుటుంబం ప్రశాంతత ఆధారపడి ఉంటుందని అర్థమవుతుంది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే సంతోషం కలిగించిన సంగతి. లాక్ స్క్రీన్ మీద వేలు అదిమి పట్టి, కస్టమైజ్ నొక్కి, గడియారాన్ని తాకాను. అక్షరాల సోకు మార్చుకుందామని వెళ్లినదాన్ని, పక్కన గ్లోబు గుర్తు కనపడితే ఏమిటా అని నొక్కాను. అంకెల జాబితా వచ్చింది. దేవనాగరి, కన్నడం, మలయాళం... తెలుగు! తాకాను. గడియారం ౧౦:౪౫ అయిపోయింది. తెర నిండుగా, లావుపాటి గీతల్లో, మన అంకెలు! నిమిషం గడిచింది. ౫ పోయి ౬ వచ్చింది. అది మారడం చూడ్డానికే ఇంకో నిమిషం కాచుకున్నాను. ౭.

పరుగున వెళ్లి నాన్నగారికి చూపించాను. “నాన్నగారూ, టైమెంతయిందో చెప్పండి.” కళ్లజోడు పెట్టుకుని చూసి, తడుముకోకుండా “పదీ నలభై ఏడు” అన్నారు. ఆ తర్వాత గానీ ఆయనకి తట్టలేదు తాను చదివినవి ఏ అంకెలో. “ఎవరు పెట్టారమ్మా ఇవి ఇందులో? మా నాన్న పద్దుల పుస్తకంలో చూశాను ఇవి, మళ్లీ ఇదే” అని ఫోన్ చేతిలోకి తీసుకున్నారు. మన పుస్తకాలూ పత్రికలూ 1, 2, 3 లోకి వచ్చేసి చాలాకాలమైంది. ౩కీ ౪కీ తేడా చెప్పమంటే చదువుకున్నవాళ్లే తల గోక్కుంటాం. అలాంటిది, 2024లో వచ్చిన ఐఓఎస్ 18తో తెలుగు, కన్నడం, ఒడియా, బంగ్లా, గుజరాతీ, గుర్ముఖి మొదలుకుని మణిపూర్ మైతేయి, సంతాలీల ఓల్ చికీ దాకా మన దేశపు అంకెలు గడియారంలోకి వచ్చాయి. ఇప్పుడు మా ఇంట్లో పిల్లలకి అంకెలు నేర్పేది నా ఫోనే. దాటినప్పుడల్లా “౮ అయింది” అని అరుస్తున్నారు.

తెలుగుకీ ఐఫోన్‌కీ ఇంతకుముందు వేరే ముఖాముఖి జరిగింది, అదీ గుర్తు చేసుకోవాలి. 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా ఒక తెలుగు అక్షరం గురించి మాట్లాడుకుంది. జ్ఞ, దాని తర్వాత కంటికి కనపడని ఒక విడదీత గుర్తు, ఆపైన దీర్ఘం. ఈ వరస ఉన్న మెసేజ్ వస్తే ఐఫోన్‌లో ఆ యాప్ కూలిపోయేది. అదే నెల 19న యాపిల్ 11.2.6 అప్‌డేట్‌తో దాన్ని సరిచేసింది. అప్పట్లో నేనూ వార్తగా చదివి వదిలేశాను. ఇప్పుడు ఆలోచిస్తే ముచ్చటేస్తోంది. ఇంగ్లిష్‌లో అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి బుద్ధిగా నిలబడతాయి. మనవి అలా కాదు. హల్లు కింద వత్తు చేరాలి, తలకట్టు పోయి గుడి రావాలి, ఏది ఎంత జరగాలో ఆ క్షణంలో ఫోన్ లెక్క కట్టాలి. మనం ‘స్వాతంత్ర్యం’ అని కొట్టి పంపేస్తాం, అంతే. లోపల ఆ మాటకి ఎంత పని జరుగుతుందో! అంత పని చేయగలిగిన వ్యవస్థలో మన భాష కూడా ఒక భాగమని ఆ అప్‌డేటే సాక్ష్యం.

పైగా ఇది తెలుగులో చదివి వినిపిస్తుంది కూడా. యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో ఒకసారి ఆన్ చేసుకుని, తెర పైనుంచి రెండు వేళ్లు కిందికి లాగితే చాలు, ఎదురుగా ఉన్న వ్యాసం చదవడం మొదలుపెడుతుంది. చూపు లేనివాళ్ల కోసం వాయిస్‌ఓవర్ అనే సదుపాయం 2009 నుంచీ ఐఫోన్‌లో ఉంది. బటన్లు లేని నున్నటి అద్దాన్ని చూపు లేని మనిషి ఎలా వాడతాడు అన్న ప్రశ్నకి వాళ్లు కనిపెట్టిన జవాబు వినండి: వేలు ఎక్కడ తగిలితే అక్కడ ఏముందో చెబుతుంది, రెండుసార్లు తడితే తెరుస్తుంది. కళ్లు మూసుకుని నేనూ ప్రయత్నించాను. గుమ్మాలు తడుముకుంటూ వాట్సాప్ దాకా చేరి, పెద్దమ్మ మెసేజ్ తెరవగలిగాను. ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్ అనేది ఇదే పని చేస్తుంది. ఇన్నేళ్లూ నా చేతిలో ఉన్నా దాన్ని ఎప్పుడూ తెరవలేదు, ఇప్పుడు అదీ తెరిచి చూశాను.

ఇంత ఇష్టం పెరిగాక పుట్టుపూర్వోత్తరాలు కనుక్కోకుండా ఉంటామా? ఐఓఎస్ వంశవృక్షం తవ్వితే నాకు దొరికింది ఒక అద్భుతం. స్టీవ్ జాబ్స్ 1985లో యాపిల్ నుంచి బయటికి వచ్చి నెక్స్ట్ అనే కంపెనీ పెట్టాడు. ఆ కంప్యూటర్లు పెద్దగా అమ్ముడుపోలేదు. కానీ వాటి ఆపరేటింగ్ సిస్టమ్ నెక్స్ట్‌స్టెప్ మహా గట్టిది. 1996 డిసెంబర్‌లో యాపిల్ ఆ కంపెనీనే కొనేస్తున్నట్టు ప్రకటించింది, ఆయన తిరిగొచ్చాడు. ఆ నెక్స్ట్‌స్టెప్ 2001లో మ్యాక్ ఓఎస్ టెన్ అయింది, 2007లో చిన్నదై ఐఫోన్‌లోకి దూరింది. ఇప్పటికీ ప్రోగ్రామర్లు వాడే ఎన్నో పేర్ల ముందు నెక్స్ట్‌స్టెప్‌ని గుర్తుచేసే ‘ఎన్ఎస్’ అనే రెండక్షరాలు అలాగే ఉన్నాయి. ఇంకా వినండి. 1990లో జెనీవా దగ్గర సెర్న్ ప్రయోగశాలలో టిమ్ బెర్నర్స్-లీ మొట్టమొదటి వెబ్ బ్రౌజర్‌ని రాసింది ఒక నెక్స్ట్ కంప్యూటర్ మీదే! ప్రపంచంలో మొదటి వెబ్ పేజీ ఏ వ్యవస్థ మీద పుట్టిందో, దాని వారసుడిలో నేను ఇవాళ బస్సు టైమింగులు చూసుకుంటున్నాను.

ఆండ్రాయిడ్ వంశమేమీ తక్కువది కాదు. దాని గుండె లినక్స్. 2003లో కాలిఫోర్నియాలో చిన్న కంపెనీగా మొదలై, 2005లో గూగుల్ చేతికి వచ్చి, ఎవరైనా తీసుకుని తమ ఫోన్‌లో వాడుకోవచ్చన్న ధైర్యంతో లోకమంతా పాకింది. మన ఊళ్లలో చవకగా ఫోన్ దొరికిందంటే, కూలికెళ్లే మనిషి చేతిలోకి కూడా ఇంటర్నెట్ వచ్చిందంటే ఆ ధైర్యం వల్లే. ఇటు వచ్చాక దాని మీద నా గౌరవం పెరిగింది. పైనుంచి కిందికి లాగితే నోటిఫికేషన్లు రావడం ఆండ్రాయిడ్‌లో 2008 నుంచే ఉంది, ఐఫోన్ దాన్ని 2011లో నేర్చుకుంది. ఐకాన్లని తెర మీద నచ్చినచోట పెట్టుకునే స్వేచ్ఛ ఐఫోన్‌కి వచ్చింది 2024లో! అలాగే యాప్ వాడుతుండగా ఒక్కో పర్మిషన్ అడిగే పద్ధతి ఐఫోన్‌లో ముందు ఉంది, ఆండ్రాయిడ్‌కి 2015లో వచ్చింది. అంచు నుంచి వేలితో లాగి వెనక్కి వెళ్లడం కూడా ఆండ్రాయిడ్‌కి 2019లో వచ్చింది. రెండూ ఒకదాని పక్క ఒకటి కూర్చుని ఒకరి కాపీ ఒకరు చూసి రాసుకుంటున్నాయి, బాగుపడుతున్నది మనం.

అందుకే నేను చెప్పేది ఐఫోన్ కొనమని కాదు. మీరున్నచోటి నుంచి అవతలి ఒడ్డుకి ఒకసారి వెళ్లి చూడమని. మీ ఇంట్లోనో ఆఫీసులోనో వేరే రకం ఫోన్ ఉన్నవాళ్లు తప్పకుండా ఉంటారు. ఒక గంట అడిగి తీసుకోండి. ఐఫోనైతే లిస్టు చివరిదాకా వెళ్లి ఇంకా లాగండి, అలారం చక్రం తిప్పండి, గడియారానికి తెలుగు అంకెలు పెట్టండి. ఆండ్రాయిడైతే నోటిఫికేషన్ మీద వేలు అదిమి పట్టి, ఆ యాప్ పంపే ఒక్కో రకం కబురునీ విడివిడిగా ఎలా ఆపొచ్చో చూడండి, హోమ్ స్క్రీన్ రూపాన్నే పూర్తిగా మార్చేసే లాంచర్ ఒకటి వేసి చూడండి, ఫైల్స్ తెరిచి ఫోల్డర్లన్నీ తిరిగి రండి. చేస్తూ ప్రతిదాని దగ్గరా ఇది ఇలాగే ఎందుకుంది అని అడగండి. జవాబు ప్రతిసారీ ఉంటుంది, ఎవరో ఒకరు నిజంగా ఆలోచించే పెట్టి ఉంటారు. గంటయ్యాక మీ ఫోన్ మీ చేతికి తిరిగి వచ్చినప్పుడు దానిలోనూ మీరు ఇన్నాళ్లూ చూడనివి కనపడతాయి, నాది హామీ. నేనైతే ఈ రాత్రికి షార్ట్‌కట్స్ అనే యాప్ సంగతి తేల్చుకోబోతున్నాను. మనకి కావలసిన పనుల్ని వరసగా పేర్చి ఇస్తే ఫోన్ వాటన్నిటినీ ఒక్క తాకుతో చేసిపెడుతుందట. అందులో ఇంకెన్ని వింతలున్నాయో!